గంగమ్మ రాకముందే కరెంటు పోయింది

భయపడటంలో నాకు అనుభవం ఎక్కువ. చిన్నప్పుడు పుంగనూరులో మా పెరట్లో ఆరేసిన నాన్న పంచె గాలికి కాస్త ఊగిందంటే చాలు, నీళ్లు తాగడానికి లేచినవాణ్ణి నాకసలు దాహమే లేదని తేల్చుకుని మళ్లీ దుప్పటి కప్పుకునేవాణ్ణి. ధైర్యం మాకు దూరపు చుట్టం. పెళ్లిపత్రిక పంపినా రాదు. అలాంటివాడికి డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి పని, భయపెట్టే సినిమా చూసి బయటికి వచ్చేవాళ్లను నిలబెట్టి "ఎట్లుండాది?" అని అడగటం.

తొంభైల చివరి మాట ఇది. ఎరువుల దుకాణం పైన ఒక గది, అందులో రెండు వీసీఆర్లు, ఒక ఫ్యాను. అదే మా ఊరి కేబులు చానలు. ఓనరు, కెమెరామన్, నేను. కెమెరామన్ అసలు వృత్తి పెళ్లిళ్లు. ఆ అలవాటు పోక ఎవరి ముందు కెమెరా పెట్టినా "తల కొంచెం ఇట్ల తిప్పండి, నవ్వండి" అనేవాడు. నా మాట స్పష్టంగా ఉంటుందని మైకు నాకిచ్చారు. కొత్త సినిమా వచ్చిన రోజు హాలు బయటి వాకిట్లో నిలబడి జనం అభిప్రాయాలు పట్టుకోవాలి, సాయంత్రం వార్తల తర్వాత వేయాలి. కేబులుకు కబుర్లు కావాలి, నాకు కొలువు కావాలి. ఇద్దరికీ కుదిరింది. పైగా సినిమా చూడాల్సిన పని లేదు. హాలాహలమంతా హాలు లోపల, నేను బయట.

ఆ సినిమా మా ఊరికి రాకముందే దాని భయం వచ్చింది. మదనపల్లెలో ఆడుతున్నప్పుడు ఎవరో మూర్ఛపోయారట. సోమలలో ఒకామెకు మూడు రోజులు జ్వరమట. ఎవరు పుట్టించారో గానీ, పుట్టిన పుకార్లన్నీ బతికి బట్టకట్టాయి. కథ చిన్నదే. ఒక మాంత్రికుడు ఊరినంతా తన కాలికింద పెట్టుకోవాలనుకుంటాడు, కడపట గంగమ్మ వచ్చి వాణ్ణి అంతం చేస్తుంది. చెడ్డకూ మంచికీ యుద్ధం. మా ఊరి వాళ్లకు ఇందులో తెలియనిదేమీ లేదు. అయినా రెండు వారాలు హాలు కిటకిటలాడింది.

హాలు యజమాని తెలివైనవాడు. జనం బయటికి వచ్చే వాకిట్లోనే నాలుగడుగుల గంగమ్మ బొమ్మ పెట్టించాడు. వేపమండలు, పసుపు, కర్పూరం. గేటుమనిషి భార్య పీట వేసుకు కూర్చుని, వచ్చేవాళ్లందరికీ కుంకుమ పెట్టేది. చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, కుంకుమ దిద్దించుకుని, రెండడుగులు వేస్తే అక్కడ నేను, నా మైకు.

"ఎట్లుండాదప్పా సినిమా?"

"సూడాల్సిన సినిమా. గంగమ్మ వచ్చినప్పుడు నా కండ్లల్లో నీళ్లే," అన్నాడు ఒక టమోటా రైతు.

"నాకైతే ఒంటిమీదికి వచ్చినంత పనైంది. మా ఆడబిడ్డ పట్టుకున్యాది గాబట్టి సరిపోయింది," అంది ఒకామె.

"నేను యాడ పట్టుకుంటి? ఈయమ్మే నన్ను పట్టుకోని ఇడిసిపెట్లా. సూడండి నా చెయ్యి, గాజులు పగిలినాయి," అంది ఆ ఆడబిడ్డ.

"నవ్వండి," అన్నాడు కెమెరామన్.

ఒక ముసలామెను "భయమైందా అవ్వా?" అని అడిగాను. ఆమె బొమ్మ వైపు చూసి, నా వైపు చూసి, "తల్లి ఎదురుగా నిలబడి భయం అంటావేమిరా అబ్బోడా? ముందు లెంపలేసుకో," అంది. చేతిలో మైకు ఉందని మరిచి వేసుకున్నాను. ఆ సాయంత్రం ఊళ్లోని టీవీలన్నింట్లోనూ ఎవరో తలుపు బాదినట్టు వినపడింది.

మూడు రోజుల్లో ఏభైమందిని అడిగి ఉంటాను. ఒక్కరూ బాగాలేదనలేదు. నొసట తడి కుంకుమ, ఎదురుగా గంగమ్మ. అప్పుడు ఎవరు మాత్రం బాగాలేదంటారు? అందరూ చెప్పింది చివరి పది నిమిషాల గురించే. మొదటి రెండుంబావు గంటల్లో ఏముందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ తెలివి నాకు తర్వాత వచ్చింది. నా తెలివి ఎప్పుడూ మా ఊరి ఆఖరి బస్సులాగే వస్తుంది.

కాదు, ఒకాయన చెప్పాడు. రెండో రోజు, విశ్రాంతి తర్వాత, సినిమా ఇంకా నడుస్తుండగానే, సైకిల్ స్టాండు వైపున్న పక్క తలుపు నుంచి బయటికి వచ్చాడు. చౌడేపల్లె దగ్గర పాల వ్యాపారం. మోపెడ్‌కు ఖాళీ క్యాన్లు కట్టి ఉన్నాయి. భుజం మీద ఐదారేళ్ల కూతురు, మొహం ఆయన మెడలో దాచుకుని ఉంది.

"ఏమప్పా, అంతలోపలే?"

"పిల్లోళ్లు, కడుపుతో ఉండే ఆడోళ్లు సూసేది గాదప్పా ఇది. ఆ పిండిబొమ్మ, ఆ సూదులు... వొద్దులే, ఈ పిల్ల ఇంటాది. వొద్దని చెప్పినానని చెప్పు టీవీలో."

కెమెరామన్ తీశాడు. ఆయన్ను మాత్రం నవ్వమనలేదు. సాయంత్రం మా ఓనరు అది చూసి, "గంగమ్మ సినిమాను బాగలేదంటే మనల్ని ఊర్లో ఉండనిస్తారా? ఎగరగొట్టు," అన్నాడు. ఎగరగొట్టాను. ఉన్నదాన్ని లేకుండా చేయటం పిరికివాడికి చాలా సులువు.

అప్పుడు మా అక్క ఇంట్లో ఉంది. ఎనిమిదో నెల. కుప్పంలో ఇచ్చాము అక్కను. బావ శాంతిపురం దగ్గర గ్రానైటు క్వారీలో పని చూసుకునేవాడు. కాన్పుకని పుట్టింటికి తీసుకొచ్చాము. రెండేళ్ల కింద ఒకసారి ఆరో నెలలో బిడ్డ కదలటం మానేసింది. పోయింది. ఆనాడు కుప్పంలో వాళ్లత్త "ఏం సూడగూడనిది సూసినావో ఏమో," అన్న మాట అక్క ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. అందుకని ఈసారి అమ్మ పెట్టిన ఆంక్షలకు లెక్కలేదు. పొద్దుగూకినాక గడప దాటకూడదు. శవం పోతుంటే కిటికీ మూయాలి. గ్రహణానికి పక్క మీంచి లేవకూడదు. అక్క రోజంతా మంచం మీద కూర్చుని కడుపు మీద చెయ్యి వేసుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా "ఒకటి," "రెండు," అని వేళ్లు ముడిచేది. పది అయితే నవ్వేది. పదికి ముందు మాట్లాడిస్తే పలికేది కాదు.

పక్కింటి పెద్దమ్మ ఆ సినిమా రెండుసార్లు చూసింది. "కాన్పు అయితే ఇంగ మూడేండ్లు యాడికీ పోలేవు పాపా. తల్లి సినిమా, సూసొస్తే పుణ్యం," అని అక్కకు ఆశ పెట్టింది. అక్క అమ్మను అడిగింది. అమ్మ నన్ను అడిగింది.

"రేయ్, ఊరందర్నీ అడిగేది నువ్వే గదా. ఎట్లుండాదంట? తీసుకుపోవచ్చునా?"

ఆ క్షణంలో ఆ పాలాయన గుర్తొచ్చాడు. ఆయన మెడలో దాచుకున్న ఆ పిల్ల మొహమూ గుర్తొచ్చింది. చెప్పుంటే సరిపోయేది. కానీ టీవీలోంచి తీసేసిన మాటను నట్టింట్లో చెప్పటం నామోషీ అనిపించింది. ఏభైమంది ఒక మాట, ఒక్కడు ఒక మాట. "గంగమ్మ సినిమానే గదమ్మా. అందురూ బాగుండాదనే అంటాండారు," అన్నాను.

"నువ్వూ రావాల. నువ్వు రాకుంటే నేను పోను," అంది అక్క. నా భయం సంగతి ఆమెకు తెలుసు. నన్ను చూసి నవ్వుకుందామని.

మ్యాట్నీకి పోయాము. అమ్మ, అక్క, పెద్దమ్మ, నేను. విశ్రాంతి దాకా నేను ఎక్కువగా ముందు కుర్చీ వెనక చెక్కను చూశాను. ఆ చెక్క మీద ఎవరో మేకుతో హృదయం గీశారు, నాది దానికంటే వేగంగా కొట్టుకుంటోంది. అక్క మొదట నా మోచేతిని పొడిచి నవ్వింది. విశ్రాంతి తర్వాత నవ్వటం మానేసింది.

ఎందుకో చూద్దామని తలెత్తాను. తెర మీద మాంత్రికుడు వరిపిండితో ఒక ఆడబొమ్మ చేస్తున్నాడు. నిదానంగా, శ్రద్ధగా, మన ఇళ్లల్లో కజ్జికాయలు చేసినంత శ్రద్ధగా. దానికి గుండ్రటి కడుపు పెట్టాడు. ఊళ్లో ఒక నిండు చూలాలు నీళ్లు మోసుకొస్తోంది. వీడిక్కడ బొమ్మ కడుపు మీద వేలితో నొక్కాడు, అక్కడ ఆమె బిందె జారింది. గంగమ్మ గుడి తలుపులు వాడి మంత్రానికి బిగుసుకుపోయి ఉన్నాయి. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"రేయ్, లేద్దాం రా."

పెద్దమ్మ అవతలి నుంచి వంగింది. "మధ్యలో లేయగూడదు పాపా. చెడ్డను సూసి మంచిని సూడకుండా పోతే, ఆ చెడ్డ మన ఎనకాలే ఇంటికొస్తాది. ఇంగ కొంచేపే. తల్లి వచ్చేస్తాది."

ఇది ఒక్క పెద్దమ్మ మాట కాదు, ఆ హాలులో అందరి నమ్మకమూ అదే. అందుకే ఎవరూ లేవటం లేదు. అక్క లేవలేదు. మాంత్రికుడు సూది తీశాడు. గుడి తలుపుల మీద చూలాలి భర్త తల బాదుకుంటున్నాడు. సూది పైకి లేచింది.

చీకటి.

సినిమాలోనే చీకటి అనుకున్నాము. ముందు బెంచీల నుంచి ఎవరో ఈల కూడా వేశాడు. తర్వాత తల పైన ఫ్యాను రెక్కలు నిదానించి ఆగిపోయాయి. కరెంటు పోయింది. బయట జనరేటరు రెండుసార్లు దగ్గి, ముసలివాడిలా మళ్లీ పడుకుంది. కాసేపటికి గేటుమనిషి టార్చిలైటు పట్టుకుని ముందు నడవగా యజమాని తెర ముందుకు వచ్చాడు.

"లైను యాడో తెగిందంట. ఇయ్యాలకు వచ్చేట్టు లేదు. ఇవే టిక్కెట్లు పెట్టుకోని రేపు రాండి."

ఎవరూ కదల్లేదు. మామూలుగా ఇలాంటప్పుడు కుర్చీలు విరగాలి, తిట్లు లేవాలి. ఆ రోజు చప్పుడు లేదు. చీకట్లో ఒక ముసలామె గొంతు మాత్రం వినిపించింది. "నాయనా, రేపు వచ్చేది సరే. ఇప్పుడు ఇంటికి ఎట్ల పోయేది? వాణ్ణి సంపకుండా వదిలేస్తిరే!"

అప్పుడు నవ్వు రాలేదు. ఇప్పుడూ పూర్తిగా రాదు.

యజమాని బయట గంగమ్మ బొమ్మ ముందు పెద్ద కర్పూరం బిళ్ల వెలిగించి, అందరినీ ఆ దావనే పంపించాడు. దండాలు పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, బయట నాలుగున్నర ఎండలోకి వచ్చాము. ఆ ఎండ మీద కూడా నమ్మకం లేదు ఎవరికీ. ఆ రోజు నా చేతిలో మైకు లేదు. ఉంటే ఆ సినిమా గురించి నిజమైన అభిప్రాయాలు ఆ ఒక్కరోజు దొరికేవి.

ఇంటికొచ్చి అక్క కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చుంది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. అన్నం వద్దంది. దీపాలు పెట్టే వేళకు నన్ను పిలిచింది.

"రేయ్. కదల్లా రా."

"నిద్ర పోతాంటాదిలే అక్కా."

"పొద్దన పది కదిలింది. సినిమాలో కూసున్యాక ఒక్కటీ కదల్లా. పోయినసారి కూడా ఇట్లనే." ఆమె కుడిచెయ్యి కడుపు మీద ఉంది. ఎడమచేతి వేళ్లు ఐదూ విప్పి ఉన్నాయి, ముడవటానికి సిద్ధంగా.

ఆ రాత్రి ఏమీ జరగలేదు. జరగాల్సింది ఒక్కటే, అది జరగలేదు.

తెల్లారేసరికి ఆ ఎడమచెయ్యి అలాగే విప్పి ఉంది. పెద్దమ్మ వచ్చింది. ఆమె కళ్లూ ఎర్రగా ఉన్నాయి, తానే చెడగొట్టానన్న బాధ. ఆమె దగ్గర విరుగుడు కూడా ఉంది. "మార్నింగ్ షోకు తీసుకుపోదాం. ముందుదంతా వద్దు, కడపటి రీలు ఒక్కటి సూపిస్తే సరిపోతాది. తల్లి వాణ్ణి సంపేది పాప కండ్లారా సూడాల." అమ్మ తల ఊపింది. అప్పటికే కరెంటు వచ్చింది కూడా. హాలువాళ్లను అడిగితే ఆ రీలు వచ్చే వేళకు లోపలికి పంపిస్తారు.

"మదనపల్లెకు పోదామమ్మా, మిషన్ ఆస్పత్రికి," అన్నాను.

"సినిమా సగంలో ఆగబట్టే గదరా ఇదంతా. అది ముగిస్తే..."

అమ్మకు ఎదురు చెప్పటం నాకు తెలియదు. నాన్న పోయినాక ఆ ఇంట్లో ఎదురనేదే లేదు. నా దగ్గర వాదన లేదు, ఉన్నదల్లా భయమే. దాన్నే ముందు పెట్టాను. "అమ్మా, నాకు వాడంటే భయం లేదు ఇప్పుడు. ఆ రీలు వచ్చే దాకా ఈడ కూసోవాలంటే భయంగా ఉండాది," అన్నాను. "నిన్న నీకు చెప్పలా. ఒకాయన చూడొద్దని చెప్పినాడు" అనబోయాను. ఆ చివరి మాట గొంతులోనే ఉండిపోయింది.

అక్కే తేల్చింది. "బస్సుకే పోదామమ్మా. కానీ కడపట ఏమైతాదో నాకు తెలియాల. రేయ్, నువ్వు అందర్నీ అడిగినావు గదా. దావలో చెప్పు."

ఏడున్నర బస్సు. టమోటా కాలం, బస్సు పైనంతా గంపలు, లోపల మార్కెట్టుకు పోయే రైతులు. అక్క కిటికీ పక్క, నేను మధ్య, అమ్మ అటువైపు. ఊరు దాటగానే అక్క, "చెప్పు," అంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ ముగింపు నేనూ చూడలేదు. నా దగ్గర ఉన్నవి ఏభై అభిప్రాయాలు, ఏ రెండూ ఒకటి కాదు. ఒకరు శూలమన్నారు, ఒకరు సింహమన్నారు, కండ్లల్లో నీళ్లు తిరిగినాయన ఏమీ చూడనే లేదు. అన్నింటినీ అతికించటం మొదలుపెట్టాను.

"సూది పైకి లేపినాడు గదా. లేపినోడు లేపినట్లే నిలబడిపోతాడు. వాకిట్లో ఎవురో పిలుస్తారు. ఒక ముసలామె, సేతిలో సత్తు గిన్నె. 'అంబలి ఉంటే పొయ్యండప్పా,' అంటాది."

"యాడప్పా!" ముందు సీటు నుంచి ఒక రైతు వెనక్కి తిరిగాడు. "ముసలామె గాదు. నేను మదనపల్లెలో సూసినా. పుట్టలోంచి వస్తాది తల్లి."

"నీకు పుట్ట కనిపించిందా? నువ్వు కండ్లు మూసుకోని నా ఒళ్లో తల పెట్టుంటివి," అంది ఆయన భార్య.

"ముసలామెనే," అన్నాడు కండక్టరు, టిక్కెట్లు చింపుతూ. సినిమా చూశాడో, మా అక్కను చూసి అన్నాడో తెలియదు.

"ముసలామెనే," అన్నాను నేను. "గుడి తలుపులు బిగించినాడు గదా వాడు. తల్లి గుళ్లో లేనే లేదు. జాతరకు ముందర ఊరంతా తిరిగి అంబలి అడుక్కుంటాది గదా, అట్ల ఊర్లోనే తిరుగుతా ఉండాది. వాడు తాళం ఏసింది ఉత్త గదికి."

అక్క నన్నే చూస్తోంది. మాంత్రికుణ్ణి చంపాలి. శూలంతో పొడిపిద్దామనుకున్నాను. అక్క చెయ్యి కడుపు మీద ఉంది. ఆ చేతి ముందు పొడవటం అన్న మాట నోటికి రాలేదు.

"ఆ యమ్మ లోపలికి వచ్చి వాడి సేతిలో నుంచి పిండిబొమ్మను తీసుకుంటాది. 'ఇంత మంచి పిండి, ఇట్ల పాడు సేస్తారా?' అంటాది. పిసికి, తట్టి, రొట్టె చేస్తాది. వాడి హోమం మంటమీదనే కాలుస్తాది. అది ఎత్తుకోనిపోయి ఆ చూలాలికి పెడతాది. 'తినమ్మా, ఇద్దరికీ ఆకలి,' అంటాది."

"మరి వాడు?" అన్నాడు ముందు సీటు రైతు. ఆయన సినిమా చూసినవాడు. అయినా అడిగాడు.

"వాడిని ఏమీ చెయ్యదు. వాడికి మంట ఆరిపోతాది. పిండి అయిపోతాది. ఇంగ వాడు ఏం చేస్తాడు?"

రైతు తల ఊపి, "అయితే ఆ రీలు మా మదనపల్లెలో కోసినట్లుండారు," అన్నాడు.

అక్క నవ్వలేదు. "కదిలిందా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. కథ అయిపోయింది, మదనపల్లెకు ఇంకా పది మైళ్లు ఉంది. నేను జీవితంలో ఎన్నోసార్లు భయపడ్డాను. ఆ పది మైళ్లలాంటి భయం మళ్లీ పడలేదు. కిటికీలోంచి చూస్తే తోటలు, కొయ్యలకు కట్టిన టమోటా చెట్లు, వాటిమీద ఎండ. అన్నీ మామూలుగా ఉన్నాయి. నన్ను భయపెట్టింది అదే.

ఆస్పత్రిలో ఒక పెద్ద నర్సమ్మ అక్కను బల్లమీద పడుకోబెట్టింది. మెడలో చిన్న సిలువ. గుడ్డ తెర ఇవతల నేను, అమ్మ. తెర సందులోంచి ఆమె కొమ్ములాంటి గొట్టం అక్క కడుపు మీద పెట్టి చెవి ఆనించటం కనిపించింది. ఒక చోట విన్నది. తీసింది. ఇంకో చోట పెట్టింది. తీసింది. మూడో చోట పెట్టి, కళ్లు మూసుకుంది. అమ్మ గంగమ్మ పేరు కూడా పలకటం లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఉండాది," అంది నర్సమ్మ. "ఇదిగో. ఉండాది. కొంచెం నీరసంగా ఉండాదిగానీ, ఉండాది." తర్వాత కోపంగా, "ఎప్పుడు తిన్నావమ్మా నువ్వు?"

"నిన్న పొద్దన."

"నీళ్లు?"

పెద్ద డాక్టరమ్మ వచ్చింది, గ్లూకోజు పెట్టారు, ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. నర్సమ్మ వెళ్లి ఒక బన్ను, గ్లాసు పాలు తెచ్చి అక్క చేతికిచ్చి, "తినమ్మా, ఇద్దరికీ ఆకలి," అంది.

అక్క నా వైపు చూసింది. ఆ మాట ఎవరైనా అనేదే, కడుపుతో ఉన్న మనిషిని చూసి ఏ ఆడమనిషైనా అనేదే. నేనూ ఎక్కడో విన్నదే కథలో పెట్టుంటాను. అయినా గోడ పట్టుకున్నాను. అక్క సగం బన్ను తిన్నాక ఆగింది. ఎడమచేతి బొటనవేలు నిదానంగా ముడిచింది. "ఒకటి," అంది.

ఆ తర్వాత నాకు బాగా గుర్తులేదు. "ఈ అబ్బాయికి కూడా ఒక మంచం చూడండమ్మా," అని నర్సమ్మ ఎవరితోనో అనటం గుర్తుంది.

బిడ్డకు బలం చాలదని కాన్పు దాకా అక్కడే ఉంచుకున్నారు. మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఎవరం నెమ్మదిగా ఊపిరి తీయలేదు. రోజూ అక్క లెక్క పదికి చేరేముందు ఎవరం మాట్లాడేవాళ్లం కాదు, నర్సమ్మతో సహా. ఒకరోజు పది అయ్యాక అమ్మ జరిగిందంతా ఆమెకు చెప్పింది. "మేము సినిమాలు చూడమమ్మా, ప్రార్థన చేసుకుంటాం," అందామె. దుప్పటి సర్దింది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "అయితే కడపట వాడు సచ్చినాడా లేదా?"

బావ కుప్పం నుంచి వారం వారం వచ్చేవాడు. రెండోసారి వచ్చినప్పుడు వాళ్లమ్మనూ తీసుకొచ్చాడు. అక్క బిగుసుకుపోయింది. ఏం చూశావని అడుగుతుందేమోనని. ఆమె సంచిలోంచి నలిగిన సినిమా టిక్కెట్టు, అందులో మడిచిన కుంకుమ తీసింది. ఆ సినిమా అప్పటికి కుప్పం చేరింది. ఎన్నడూ సినిమా హాలు గడప తొక్కని మనిషి, ఒక్కతే పోయి కడదాకా కూర్చుని వచ్చింది.

"నీ పేరు చెప్పుకోని సూసినా. మొత్తం సూసినా. నువ్వు నిలిపిన తావు నుంచి కడదాకా, నీ బదులు." కుంకుమ అక్క నొసట పెట్టింది. "ఏం సినిమానమ్మా అది! నాకే గుండెలు జారిపోయె. పాపం, నువ్వు ఎట్ల కూసున్యావో." రెండేళ్ల కిందటి మాటను ఆమె తీయలేదు, అక్కా తీయలేదు. ఆ సినిమా గురించి నేను విన్నవాటిలో గంగమ్మ బొమ్మ ఎదురుగా లేనిచోట చెప్పిన అభిప్రాయం, ఆ పాలాయనది తీసేస్తే, అదొక్కటే.

ఆడపిల్ల పుట్టింది. తూకానికి చిన్నది, గొంతుకు పెద్దది.

నేను మళ్లీ మైకు పట్టుకున్నాను గానీ, సైకిల్ స్టాండు వైపు తలుపు దగ్గర కూడా నిలబడటం మొదలుపెట్టాను. మధ్యలో లేచి వచ్చేవాళ్లు నిజం చెబుతారు. ఓనరుకు అది నచ్చలేదు. అట్లా ఆరునెల్లకు నా కొలువు కూడా మధ్యలోనే లేచి వచ్చేసింది.

రెండు వేల ఐదో, ఆరో. చలికాలం, కుప్పంలో అక్క ఇల్లు. మధ్యాహ్నం, ముంగిట్లో కూర్చుని అక్క, నేను అనపకాయలు వొలుస్తున్నాము. లోపల మేనకోడలు టీవీ పెట్టింది. కాసేపటికి ఆ గుడి గంటలు, ఆ మాంత్రికుడి గొంతు. నా చేతిలో కాయ ఆగింది. అక్క చేతిలోదీ ఆగింది. ఇద్దరం లోపలికి పోయాము.

పిల్ల నేలమీద బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తోంది. వాడు పిండిబొమ్మకు కడుపు పెడుతున్నాడు. ఆ తెరమీద వాడెంత ఉండేవాడో, ఇక్కడ జానెడు. "మామా, దీనికా మాయమ్మ భయపడింది? పిండి గదా అది!" అంది.

అక్క పోయి పిల్ల పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. వాడు సూది తీశాడు. అక్క రిమోటు తీసుకుని శబ్దం ఆపింది, బొమ్మ ఆపలేదు. "నువ్వు చెప్పు," అంది నాతో.

చెప్పేముందు ఇంకొకటి చెప్పాను. ఎనిమిదేళ్లు గొంతులో పెట్టుకున్నది. చౌడేపల్లె పాలాయన, ఆ కూతురు, ఆయన వద్దన్న మాట, నేను ఎగరగొట్టిన ముక్క. పిల్ల మా ఇద్దరి మొహాలనూ చూసింది.

"చెప్పింటే పోకుండా ఉందునా? పోయేదాన్నేమో," అంది అక్క. తర్వాత నెమ్మదిగా, "అయినా చెప్పాల్సింది రా."

"అవునక్కా."

"సరే, ముసలామె వచ్చింది. సేతిలో ఏముండాది?"

"సత్తు గిన్నె," అన్నాను.

చెబుతూ పోయాను. తెరమీద చప్పుడు లేకుండా శూలాలు, మంటలు, సింహం ఏదేదో జరుగుతోంది. నేను అటు చూడలేదు, పిల్ల వీపు మీదున్న అక్క ఎడమచెయ్యిని చూస్తూ చెప్పాను. రొట్టె కాలే చోటికి వచ్చేసరికి పిల్ల లేచి కూర్చుంది.

"మామా, టీవీలో అట్ల లేదు. పొడిసేసింది వాణ్ణి."

"టీవీకి ఏం తెలుసు, నువ్వు ఇను," అంది అక్క. పిల్ల వీపు మీద ఆమె వేళ్లు ఒకటొకటిగా ముడుచుకుంటున్నాయి.